ఊడని చక్రం

రాడ్డుకు నట్టు మీద నమ్మకం లేదు. ముప్పై ఏళ్ళుగా తన షెడ్డుకొచ్చే విరిగిన సరుకంతా చూసి చూసి అతను తేల్చుకున్న సంగతి అది. గేటు కూలిందంటే నట్టు ఊడింది. తోపుడు బండి నడిరోడ్డులో చతికిలబడిందంటే నట్టు ఊడింది. ఎవరో ఉయ్యాల మీంచి పడి ముందుపళ్ళు రాలగొట్టుకున్నారంటే అదీ నట్టు ఊడబట్టే. తను వెల్డింగు చేసినచోట విరిగి మళ్ళీ తన గుమ్మం తొక్కిన వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదని ఎవరి ముందైనా ఒట్టేసి చెబుతాడు. మనిషి కూడా వెల్డింగు రాడ్డులాగే సన్నగా, నిటారుగా, చివర కొంచెం కాలినట్టు ఉంటాడు. అందుకే ఆ పేరు. అసలు పేరు కాగితాల్లో ఉంది, అక్కడే పడుండనీయండి.

అతని బావ, అంటే అక్క మొగుడు, మీటరాయన. ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చదివే ఉద్యోగం. చదవడం అనగానే కుర్చీలో కూచుని చేసే పని అనుకునేరు. ఆ ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ నేలలో ఒక గుంట, గుంట మీద ఇనప మూత, లోపల మోకాలి లోతున మీటరు. కొక్కెంతో మూత లేపాలి, నడుం వంచి అద్దం మీద బురద తుడవాలి, అంకెలు చూసి పుస్తకంలో రాయాలి, మూత మళ్ళీ వేయాలి. రోజుకు రెండు వందల గుంటలు. ఇరవై ఆరేళ్ళు. ఆ మనిషి ఎన్నిసార్లు వంగాడో ఎవరైనా లెక్క కట్టారా? ఏ ఇంట్లో ఎన్ని నీళ్ళు పారాయో చుక్క చుక్కా లెక్క కట్టిన ఆఫీసు ఈ ఒక్క లెక్క మాత్రం కట్టలేదు.

నాలుగేళ్ళ కిందట ఒక మూత లేపుతూ వంగినవాడు మళ్ళీ లేవలేకపోయాడు. వెన్నులో పూస జారిందన్నారు. వంగకూడదు, సైకిల్ సీటు మీద నిటారుగా కూర్చోకూడదు, అన్నాడు డాక్టరు. వెనక్కి వాలి, పడుకున్నట్టు కూర్చుంటేనే నొప్పి దారికొస్తుంది. లోపలి పని ఏదైనా ఇప్పించండి సార్ అని ఆఫీసులో అడిగాడు. కుర్చీ ఖాళీ లేదన్నారు. నిజమే, ఆ ఆఫీసులో కుర్చీలు ఖాళీగా ఉండవు. మనుషులు లేకపోయినా వాళ్ళ సంచులు కూర్చుని ఉంటాయి.

అప్పుడు రాడ్డు తన బావ ఇంట్లోని పడక కుర్చీని వారం రోజులు తేరిపార చూశాడు. ఎనిమిదో రోజున దాన్ని షెడ్డుకు మోసుకుపోయాడు. రెండు పాత సైకిళ్ళు కోసి, నీళ్ళ గొట్టాలు వంచి, కుర్చీని మధ్యలో అతికించి ఒక వింత బండి తయారుచేశాడు. ముందు చిన్న చక్రం, వెనక పెద్ద చక్రం, రెంటి మధ్యా నేలకు మూరెడు ఎత్తున సీటు. తొక్కేవాడు వెనక్కి వాలి, కాళ్ళు బారచాపి తొక్కాలి. పెడళ్ళు ముందు చక్రానికీ ముందు ఉంటాయి. మూడు గొలుసులు కలిపితే గానీ వెనక చక్రం దాకా అందలేదు. వీధి దానికి 'మంచం' అని పేరు పెట్టింది.

"జరగండర్రా, మంచం వస్తోంది!"

"మీటరు గారూ, దుప్పటి మరిచిపోయారు!"

"దుప్పటి నువ్వే కప్పుకో. పగలే నిద్రపోయేది నువ్వు కదా," అని అతను పడుకునే జవాబిచ్చేవాడు. అతని నోటికి మాత్రం ఏ పూసా జారలేదు.

వీధి నవ్వింది గానీ ఆ బండి మీద అతను చేసిన పని చూస్తే నోరు మూతపడాల్సిందే. సీటు నేలకు అంత దగ్గరగా ఉంది కాబట్టి దిగక్కర్లేదు, వంగక్కర్లేదు. గుంట పక్కన ఆపి, పడుకునే కొక్కెం విసిరి మూత పక్కకు లాగేవాడు. కర్రకు గుడ్డ చుట్టి బురద తుడిచేవాడు. ఇంకో కర్రకు చిన్న అద్దం కట్టి గుంట మీద ఏటవాలుగా పట్టుకుని అందులో అంకెలు చదివేవాడు. అద్దంలో అంకెలు తిరగబడి కనిపిస్తాయి. రెండు అయిదులా ఇకిలిస్తుంది, అయిదు రెండులా నక్కి ఉంటుంది. మొదటి వారం తలప్రాణం తోకకొచ్చింది. తరవాత ఎంతలా అలవాటైందంటే, ఇంట్లో గడియారం తిన్నగా చూసినా కాసేపు తికమకపడేవాడు. మూడేళ్ళలో ఒక్క అంకె తప్పు రాయలేదు. రాసి ఉంటే ఆఫీసు ఎగిరి గంతేసేది.

మరి ఏమైంది? ఎడమ కాలు సన్నబడటం మొదలైంది. పూస నరాన్ని నొక్కుతోంది, ఇంతకంటే బాగుపడదన్నారు. చదును రోడ్డు మీద ఇబ్బంది లేదు. కానీ అతని వంతు వీధుల్లో సగం రైలు వంతెనకు ఇవతల, సగం అవతల. ఆ వంతెన ఎక్కడం కోడలి మీద అత్త కోపంలా ఉంటుంది, తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేస్తుంది. మంచం మీద లేచి నిలబడి తొక్కే వీల్లేదు, ఒంటి బరువు సాయానికి రాదు. ఉన్నదంతా కాళ్ళే. ఆ కాళ్ళలో ఒకటి పోతోంది. మూడుసార్లు పుస్తకం ఆలస్యంగా అందింది.

సూపర్‌వైజరు పిలిచాడు. "శుక్రవారం నీ వెనకాలే జీపులో వస్తా. మిల్లు పన్నెండు కూత కూసేలోగా వంతెన అవతల మొదటి మూత తెరవాలి. తెరిచావా, నీ ఉద్యోగం నీది. లేదా, పుస్తకం, కొక్కెం అక్కడే ఇచ్చేసి ఇంటికెళ్ళు."

"బండికి మోటారు పెట్టుకోవచ్చా సార్?"

"రెక్కలు పెట్టుకో. నాకేం?"

గమనించండి, సూపర్‌వైజరుకు జీపు ఆఫీసే ఇచ్చింది. మీటరు చదివేవాడు మాత్రం సైకిల్ తనే తెచ్చుకోవాలి. అది రూలు. ఆ రూలు రాసినవాడు ఏ వంతెనా ఎక్కలేదు.

తోటి మీటరువాళ్ళు తలా ఒక చెయ్యేసి ఆ మోటారు సామాను తెప్పించారు. రెండోది తెప్పించే ఓపిక వాళ్ళలో ఎవరికీ లేదు, అది వాళ్ళకీ తెలుసు, రాడ్డుకీ తెలుసు. బుధవారం అట్టపెట్టె వచ్చింది. గురువారం పొద్దున్నే బావాబావమరుదులు షెడ్డులో దాన్ని విప్పారు. మధ్యలో లావుపాటి ఇనప గుండు ఉన్న చిన్న చక్రం. ఆ గుండే మోటారు. లోపల పళ్ళచక్రాలు ఏమీ లేని రకం, చక్రమే మోటారు, మోటారే చక్రం. దాని ఇరుసుకు బోలు, ఆ బోలులోంచి వేలెడు లావు తీగల కట్ట బయటికొస్తుంది. ఇంకా బ్యాటరీ, తీగలు కలిపే డబ్బా, మెలితిప్పే పిడి, నట్లు. అడుగున ఒక చిన్న ఉక్కు పలక, ఎలా బిగించాలో బొమ్మలేసిన కాగితం.

మీటరాయన గోనెసంచుల మీద వెల్లకిలా పడుకుని, అద్దం కర్ర పైకెత్తి అందులో పని చూస్తున్నాడు. మెడ తిప్పినా వెన్ను కలుక్కుమంటుంది మరి.

"ఆ పలకేంట్రా?"

"ఇరుసు గిర్రున తిరక్కుండా ఆపడానికట."

"అద్దంలో చూస్తే నువ్వే నయంరా రాడ్డూ. ఎడమ చేతివాటం వాడిలా తెలివిగా ఉన్నావు."

"పడుకుని పని చూసేవాళ్ళకి మాటలు బాగానే వస్తాయి బావా."

"మరి? నీకు అక్కనిచ్చిందే నేను కదా."

"ఇచ్చింది మేము. తీసుకుంది నువ్వు. లెక్కలు కూడా అద్దంలో తిరగబడ్డాయా?"

ముందున్న పాత చక్రం విప్పి గోడకు తగిలించాడు రాడ్డు. కొత్తది, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కులో కూర్చోబెట్టాడు. అక్కడ మొదలైంది తంటా. ఆ ఫోర్కు కొట్లో కొన్నది కాదు, నీళ్ళ గొట్టం చీల్చి తను చేసింది. పలక దానికి పట్టలేదు. ఆకురాయితో రుద్దాడు, సుత్తితో వంచాడు, మధ్యాహ్నం దాకా దాంతోనే కుస్తీ పట్టాడు. పట్టలేదు. పలక లేకుండానే నట్లు బిగించాడు. స్పానరు మీద ఎక్కి నిలబడి మరీ బిగించాడు. బ్యాటరీ తగిలించి, టైరును చెక్కతో అదిమిపెట్టి పిడి తిప్పాడు. చక్రం తిరగాల్సింది పోయి ఇరుసే 'టక్'మని పక్కకు తిరిగింది. రెండు నట్లూ వదులైపోయాయి.

రాడ్డు మొహం వెలిగిపోయింది. ఏడవాల్సినచోట వెలిగింది. "చూశావా బావా! చూశావా! నేను చెప్పేదేంటి ఇన్నాళ్ళూ?"

"చెప్పావులే. నా పెళ్ళిలో కూడా అదే చెప్పావు."

"ఇది వంతెన మీద ఊడితే చక్రం అటు, నువ్విటు. నట్టు పని కాదిది."

"కాగితంలో ఏముందో చూడు. బొమ్మలో స్పానరు ఉంది. నీ నిప్పులు లేవు."

"ఆ బొమ్మ వేసినవాడు మన వంతెన ఎక్కాడా?"

మీటరాయన అద్దం కర్ర పక్కన పెట్టేశాడు. రాడ్డు తెలివితక్కువవాడు కాదు. ఇనుము ఎంత వేడికి ఏమవుతుందో అతని వేళ్ళకు తెలుసు. మోటారు గుండు చుట్టూ తడి గోనె చుట్టాడు. తీగల కట్టను పక్కకు లాగి తాడుతో కట్టాడు. ఒకేసారి కాల్చకుండా ఒక టాకా, అంటే చుక్కంత అతుకు, ఆగి చన్నీళ్ళ గుడ్డ, మళ్ళీ ఒక టాకా. అలా రెండు వైపులా ఇరుసును ఫోర్కుకు అతికేశాడు. చీమలబారు నడిచినట్టు ముచ్చటైన అతుకు. జీవితంలో అంత శ్రద్ధగా దేనికీ వెల్డింగు చేయలేదు. కానీ ఇనుము బయట చల్లబడితే లోపలా చల్లబడ్డట్టు కాదు. బోలులో నక్కి ఉన్న తీగల తొడుగు రబ్బరుది. రబ్బరుతో అతను ఏనాడూ పని చేయలేదు.

అప్పుడే అక్క వచ్చింది. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది ఆవిడ. భుజం మీద టేపు అలాగే వేలాడుతోంది. చక్రం దగ్గర గొంతుక్కూర్చుని అతుకు మీద వేలు పెట్టి, చురుక్కుమంటే తీసేసింది.

"ఒరేయ్, రేపు ఏదైనా అయితే ఈ చక్రం ఎలా ఊడదీస్తావు?"

"ఊడదీయడం దేనికక్కా? ఊడకూడదనే కదా ఇన్ని పాట్లు."

"పంక్చరైతే?"

"టైరు పక్కకు లాగి వేస్తా."

"ఏమో. నేను ఏ బట్టకైనా ముందు కచ్చాకుట్టే వేస్తాను. ఒంటి మీద చూసి, సరిపోయిందంటే అప్పుడు పక్కాకుట్టు. విప్పడానికి లేకుండా మొదటిసారే కుట్టేసింది ఏదైనా నాకు భయమే."

"బట్ట వేరు, ఇనుము వేరు అక్కా."

"వేసుకునేది మనిషే కదరా," అంది ఆవిడ. ఇంకేమీ అనలేదు. అంత చెప్పి ఊరుకోవడం ఆవిడ అలవాటు. అలా ఊరుకోవడం చాలా ఇళ్ళను ముంచింది.

సాయంత్రం వెలుతురుండగానే మంచాన్ని వీధిలోకి దించారు. మీటరాయన ఎక్కి వాలాడు. పిడి కొంచెం తిప్పాడు. కాళ్ళు కదపకుండానే బండి కదిలింది. ఏ చప్పుడూ లేదు, పిల్లి నడిచినట్టు. వీధి చివరిదాకా వెళ్ళాడు, తిరిగొచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. గుమ్మాల్లోకి జనం వచ్చేశారు.

"ఏమండోయ్ మీటరు గారూ, మంచానికి దయ్యం పట్టిందా?"

"పట్టింది నీ నీళ్ళ మీటరుకి! పోయిన నెల ఎంత వాడావో అందరిముందూ చెప్పనా?"

మూడో చుట్టులో పెద్దగా నవ్వాడు. రాడ్డు ఆ నవ్వు విని నాలుగేళ్ళయింది. అక్క టేపు కొసను నోట్లో పెట్టుకుని కొరుకుతూ నిలబడింది, కళ్ళు తుడుచుకోవడానికి బదులు ఆవిడ చేసే పని అది. రాడ్డు చేతులు జేబుల్లో పెట్టుకుని ఆకాశంకేసి చూశాడు. ఆ పది నిమిషాలు అతను ఊరికంతటికీ రాజు.

బండి ఆపాక చిన్నగా కాలిన వాసన వచ్చింది. రాడ్డు ముక్కుకు తగిలింది. ఫోర్కు రంగు కాలిన వాసన అనుకున్నాడు. అనుకోవాలని అనుకున్నాడు. అది అతను తరవాత ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున షెడ్డు మూసి, తన మామూలు సైకిల్ మీద రాడ్డు వెనకాలే బయల్దేరాడు. బయల్దేరబోతుంటే అక్క పాత చక్రం తెచ్చి అతని క్యారియరుకు గుడ్డపీలికలతో కట్టింది.

"ఇదెందుకక్కా? మోటారు చక్రం తీసేదుంటేగా ఇది వేసేది."

"బరువేం కాదు కదా. ఉండనీ."

తీసేయమంటే నొచ్చుకుంటుందని ఊరుకున్నాడు. అలవాటుగా స్పానరు కూడా జేబులో వేసుకున్నాడు.

వంతెన ఇవతలి వీధులు మీటరాయన నల్లేరు మీద బండిలా దాటేశాడు. మూత, గుడ్డ, అద్దం, పుస్తకం. మూత, గుడ్డ, అద్దం, పుస్తకం. ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పిడి తిప్పితే చాలు, ఎడమ కాలు ఊరికే పెడలు మీద పెట్టుకుని సవారీ చేసింది. వెనక జీపులో సూపర్‌వైజరు ఆవలిస్తూ వచ్చాడు. వంతెన మొదట్లోకి వచ్చేసరికి పదకొండున్నర కాలేదు. అవతలి మొదటి మూతకు మూడు వందల గజాలుంటుంది. మీటరాయన తల వెనక్కి వాల్చి రాడ్డును తలకిందులుగా చూసి కన్నుకొట్టాడు.

"ఒరేయ్, అవతల టీ నీదే."

"ముందు ఎక్కు మహానుభావా."

ఎక్కాడు. మొదటి వాలు ఎక్కాడు. మధ్యలో కొంచెం చదును దాటాడు. రెండో వాలు మొదలైంది. పిడి పూర్తిగా తిప్పాడు. మోటారు మూలిగింది. ఒక్క కుదుపు. ఇరుసు చివరినుంచి దారమంత పొగ. బండి ఎవరో ముందునుంచి తోసిపట్టినట్టు నిలబడిపోయింది.

"బ్రేకు పట్టేసిందిరా," అన్నాడు మీటరాయన.

బ్రేకు పట్టలేదు. రాడ్డు సైకిల్ పడేసి పరుగెత్తాడు. బ్యాటరీ తీగ పీకేశాడు. "తొక్కు బావా, తొక్కు!" మీటరాయన తొక్కాడు. చక్రం బురదలో కూరుకున్న కాలులా అంగుళం కదిలి ఆగింది. రాడ్డు వెనకనుంచి తోశాడు. గట్టిగా తోసినకొద్దీ అది గట్టిగా బిగదీసింది. మోటారు చచ్చిపోలేదు. చచ్చిపోతే ఎంత బాగుండేది, కాళ్ళతోనైనా పోయేవాళ్ళు. లోపల తీగ తీగను తాకింది. ఆ రకం మోటారులో తీగలు అలా కలిసిపోతే అది లాగడం మాని ఆపడం మొదలెడుతుందట. మోటార్లు చుట్టే మెకానిక్ ఒకడు తరవాత చెప్పాడు. తరవాత చెప్పేవాళ్ళకు ఈ లోకంలో ఏం కొదవ?

జీపు ఆగింది. సూపర్‌వైజరు దిగాడు. పొగ చూశాడు, చక్రం చూశాడు, రాడ్డు సైకిల్ క్యారియరు మీద పాత చక్రం చూశాడు.

"తెచ్చుకున్నారుగా వేరే చక్రం. మార్చుకోండి. పది నిమిషాలు ఆగుతా. కూతకు ఇంకా టైముంది. నేనేం రాక్షసుణ్ణి కాదు."

దుర్మార్గుడు ఆ ఒక్కరోజే మనిషిలా మాట్లాడాడు. రాడ్డు చెయ్యి జేబులో స్పానరు మీద ఉంది. స్పానరు చల్లగా ఉంది.

"ఏమయ్యా, వినబడలేదా? తియ్యి చక్రం."

"ఊడదు సార్."

"ఎందుకూడదు?"

రాడ్డు జేబులోంచి చెయ్యి తీశాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరడిగినా ఛాతీ విరిచి చెప్పిన మాట అది. ఇప్పుడు చక్రంకేసి చూస్తూ చెప్పాడు.

"వెల్డింగు చేశాను సార్."

సూపర్‌వైజరు వంగి ఆ అతుకు చూశాడు. "బాగా చేశావు," అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే అన్నాడు. అదే రాడ్డుకు చెప్పుదెబ్బలా తగిలింది.

"నా సైకిలెక్కు బావా, తోసుకుపోతా." ఎక్కించాడు. సీటు మీద నిటారుగా కూర్చోగానే మీటరాయన మొహం సున్నం కొట్టినట్టయింది. రెండు గజాలకే దింపమని చేత్తో సైగ చేశాడు. "వీపెక్కు బావా." ఆ మాటకు మాత్రం మీటరాయనకు కోపమొచ్చింది. "నన్ను ఊరేగిస్తావురా? కొక్కెం ఇలా తే."

కొక్కెం కర్రలా పట్టుకుని, రెండో చేత్తో వంతెన కమ్మీ పట్టుకుని నడిచాడు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ. నాలుగు అడుగులు, ఆగడం. మూడు అడుగులు, ఆగడం. రాడ్డు పక్కన నడిచాడు, పడితే పట్టుకునేలా చేతులు ముందుకు పెట్టి, పట్టుకుంటే కొడతాడేమోనని వెనక్కి తీసి. సూపర్‌వైజరు జీపులో పక్కనే నత్తలా నడిపించాడు. ఎక్కించుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. జీపు ఆఫీసు పనికి. మీటరు చదవడం ఆఫీసు పనే కదా అని కూడా అనిపిస్తుంది. అలా అనిపించేవాళ్ళకు జీపు ఇవ్వరు.

వంతెన నెత్తి మీదికి వచ్చేసరికి అవతలి వీధి కనబడింది. మొదటి మూత కూడా కనబడింది, ఎండలో రూపాయి బిళ్ళంత. మీటరాయన కమ్మీకి ఆనుకుని అద్దం తీసి అటు తిప్పి చూశాడు. ఎందుకు చూశాడో అతనికే తెలియాలి. అంత దూరానికి ఏం చదువుతాడు?

ఎక్కడో మిల్లులో పన్నెండు కూత కూసింది.

సూపర్‌వైజరు దిగి చెయ్యి చాపాడు. మీటరాయన పుస్తకం ఇచ్చాడు. కొక్కెం ఇవ్వడానికి కాసేపు పట్టింది, దాని మీదే నిలబడి ఉన్నాడు మరి. రాడ్డు భుజం అందించాక ఇచ్చాడు. అద్దం కర్ర కూడా చాపాడు.

"అది ఆఫీసుది కాదయ్యా. ఉంచుకో," అన్నాడు సూపర్‌వైజరు. పుస్తకంలో ఏదో రాసి జీపెక్కి వంతెన దిగిపోయాడు. జీపుకు ఆ వంతెన ఎంతసేపు?

బావను కమ్మీ పక్కన కూర్చోబెట్టి రాడ్డు వెళ్ళి మంచం ముందు చక్రం గాల్లోకి ఎత్తి పట్టుకుని వంతెన కిందికి ఈడ్చుకొచ్చాడు. వంతెన కింద ఎవరిదో తోపుడు బండి అడిగి తెచ్చి దాని మీద బావను పడుకోబెట్టాడు. ఇల్లు చేరేముందు మీటరాయన అన్నాడు. "మీ అక్కకి నేను చెప్తా. నువ్వు నోరెత్తకు."

"నా తప్పు బావా."

"నీ తప్పు కాక నాదా? నీదే. అయినా నేనే చెప్తా."

అక్క విన్నది. మిషను ఆపలేదు. కుడుతున్న కుట్టు చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు లేచి మొగుడికి వీపు కింద దిండు పెట్టింది. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. అని ఉంటే రాడ్డు ఆ రాత్రి నిద్రపోయేవాడు.

మర్నాడు రాడ్డు గ్రైండరు పట్టుకుని తన అతుకును తనే కోశాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. అతుకు మంచిది, తెగడానికి మొండికేసింది. అతుకుతోపాటు ఫోర్కు కొసలూ పోయాయి. ఇరుసు బోలులోంచి తీగల కట్ట లాగితే నల్లటి ముద్ద వచ్చింది, నమిలి ఉమ్మేసినట్టు. తోటి మీటరువాళ్ళు పదిమంది ఆఫీసు గేటు ముందు నిలబడ్డారు. లోపలినుంచి ఒకడు వచ్చి రూలు చదివి వినిపించి వెళ్ళాడు. వాళ్ళు మర్నాడు కూడా నిలబడ్డారు. మూడో రోజు ఎవరి వీధులకు వాళ్ళు వెళ్ళారు, వెళ్ళకపోతే వాళ్ళ పుస్తకాలూ పోతాయి. పదిమంది సరిపోరు. మొత్తం నూట నలభైమంది ఉన్నారు, ఆ నూట నలభై ఎప్పుడు నిలబడతారో నాకు తెలియదు. ఇప్పుడు ఆ వీధుల్లో ఇంకొకడు వంగుతున్నాడు. గట్టి నడుం ఉన్నవాడు. ఆఫీసు వాడి వంగడాలు కూడా లెక్క కట్టడం లేదు.

ఇంట్లో ఇంకో చిక్కు వచ్చింది. పడక కుర్చీ బండిలోకి పోయింది కదా, మీటరాయన వెన్నుకు నొప్పి లేకుండా ఆనడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. పక్క మీద గంట కంటే పడుకోలేడు. ఆ కుర్చీ వంపు ఒక్కటే ఆ వెన్నుకు తెలుసు. రాడ్డు మంచాన్ని షెడ్డులోకి లాగి మిగిలిన వెనక చక్రమూ తీసేశాడు. గొలుసులు తీశాడు. కింద నాలుగు కాళ్ళు పెట్టాడు. కిటికీ పక్కన, అక్క మిషనుకు ఎదురుగా వేశాడు.

మీటరాయన వాలి, సర్దుకుని, అద్దం కర్ర కిందికి దించి కాళ్ళ దగ్గర ఏముందో చూశాడు. చూసి మళ్ళీ చూశాడు.

"ఒరేయ్ రాడ్డూ. కాళ్ళు నట్లతో బిగించావేంట్రా?"

"ఊ."

"ఊడతాయి కదరా నట్లు."

"ఊడాలనే."

మీటరాయన అద్దం తిప్పి అతని మొహం చూశాడు.

ఫోర్కు కొత్తది చేస్తానని రాడ్డు అప్పటినుంచీ అంటున్నాడు. గొట్టం కూడా తెచ్చి మూల నిలబెట్టాడు. పాత చక్రం మళ్ళీ గోడకెక్కింది, గాలి దిగిపోయింది. చేసినా ఎక్కడికి తొక్కుకుంటూ పోవాలో మాత్రం ఎవరూ మాట్లాడరు. ఎడమ కాలు ఇప్పుడు పెడలు దాకా లేవడం లేదు. కిటికీలోంచి అద్దం బయటికి పెట్టి మీటరాయన వీధి చూస్తుంటాడు, కొత్త మీటరువాడు వచ్చి మూత లేపి వంగినప్పుడల్లా "కాళ్ళు వంచరా, నడుం కాదు" అని అరుస్తాడు. వాడికి వినబడదు. వీధిలో ఎవరూ ఆ కుర్చీని మంచం అనడం లేదు. ఇప్పుడది మంచమే కాబట్టి.

రాడ్డు వారానికోసారి వచ్చి ఆ నాలుగు నట్లకూ తలో చుక్క నూనె వేసి వెళ్తాడు.